గనికి పొరల లెక్క ఉంది, బావికి కొలత ఏది?

గోదావరి లోయలో బొగ్గు గనులున్న మండలాలకు సంఘం కార్యకర్తలు ఎప్పుడు వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. వానలు బాగా పడ్డ ఏడు కూడా బావిలో నీళ్లు నిలవడం లేదని. వానాకాలం పంట ఎట్లాగో గట్టెక్కుతోంది. యాసంగి నాటు వేసి నెల తిరిగేసరికి మోటారు ఆగి ఆగి పోస్తోంది. ఈ సంగతి అధికారుల ముందు పెడితే వచ్చే జవాబులూ అందరికీ తెలిసినవే. వానలు తగ్గాయంటారు. బోర్లు ఎక్కువయ్యాయంటారు. గని ప్రభావం అంత దూరం రాదంటారు. రైతు తన కళ్లతో చూసింది చెబుతాడు. ఎదుటివాళ్లు నివేదిక తీసి చూపిస్తారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఈ వాదనలో రైతు ఓడిపోతున్నది అబద్ధం చెప్పినందుకు కాదు, చేతిలో కాగితం లేనందుకు. భూమి కింద ఏ పొర ఎక్కడుంది, ఏ పొరలో నీళ్లున్నాయి, అవి ఎటు నడుస్తున్నాయి అన్న లెక్క గని యాజమాన్యాల దగ్గర ఉంటుంది. అది లేకుండా బొగ్గు తీయలేరు. మన బావిలో పోయిన ఏడు నవంబరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్న లెక్క మాత్రం ఎక్కువ ఊళ్లలో ఎవరి దగ్గరా ఉండదు. ఈ రెండు లెక్కలూ ఒక్కచోటికి రానంతకాలం న్యాయం మన వైపు ఉన్నా నిరూపించుకోలేం. అందుకే ఈ నెల మన కాళ్ల కింది రాతి గురించి, అందులో నీటి నడక గురించి వివరంగా మాట్లాడుకుందాం.

తెలంగాణలో ఎక్కువ భాగం గట్టి రాయి నేల. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో బావి తవ్విన వారికి ఇది తెలుసు. పైన కొంత మేర మెత్తబడిన రాయి, దాని కింద నల్లరాయి లేదా ఎర్రరాయి. నీళ్లు ఆ మెత్తబడిన భాగంలో, కింద పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే బోరులో నీళ్లు, తగలకపోతే దుమ్ము. గోదావరి, ప్రాణహిత నదుల వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పొడవాటి పట్టీ మాత్రం వేరు. ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం, సత్తుపల్లి ప్రాంతాలు ఈ పట్టీలోకి వస్తాయి. ఇక్కడున్నది ఎప్పుడో నదులు, సరస్సులు తెచ్చి పరిచిన ఇసుక, బంకమట్టి, ఒండ్రు గట్టిపడిన రాయి. దీన్ని గోండ్వానా రాయి అంటారు. బొగ్గు ఉన్న పొరల వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర ఈ బొగ్గును గుర్తించాడు. 1886లో తవ్వకం హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ లోయలో బొగ్గు కోసం వేసిన అన్వేషణ బోర్లకు లెక్కలేదు. ప్రతి బోరులోనూ ఎన్ని మీటర్ల దగ్గర ఏ రాయి తగిలిందో రాసి పెట్టారు. దేశంలో మరే రైతు పొలం కింది రాతి గురించి ఇంత వివరంగా రాసిన లెక్క ఉండదేమో! ఆ పొలం దున్నే రైతుకు మాత్రం అందులో ఒక్క పేజీ కూడా చూపించలేదు.

ఆ పొరలు స్థూలంగా ఇలా ఉంటాయి. అన్నిటికన్నా అడుగున తాల్చేరు పొరలు. ఒడిశాలోని తాల్చేరు దగ్గర మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. వీటిలో ఆకుపచ్చ ఛాయ ఉన్న మట్టిరాయి ఎక్కువ, నీరు తక్కువ. వాటిపైన బరాకర్ పొరలు. మన బొగ్గు సీములు ప్రధానంగా వీటిలోనే ఉన్నాయి. తెల్లటి, బూడిద రంగు ముతక ఇసుకరాయి, మధ్యమధ్య బంకమట్టి, బొగ్గు. వాటిపైన బొగ్గు లేని పొరలు. ఇంకా పైన కామ్టీ పొరలు. నాగపూర్ దగ్గరి కామ్టీ ఊరి పేరు మీద వచ్చిన ఈ ఇసుకరాయి చాలాచోట్ల ఎర్రగా, తుప్పు రంగులో కనిపిస్తుంది. నీటిని బాగా పట్టి ఉంచేది ఇదే. కామ్టీ రాయి మీద బోరు పడ్డ రైతు అదృష్టవంతుడని ఆ ప్రాంతంలో అనుకోవడం ఊరికే కాదు.

ఇసుకరాయిలో నీళ్లు ఇసుక రేణువుల మధ్య సందుల్లో ఉంటాయి. తడి ఇసుక కుప్పలో గుంట తీస్తే నీరు ఊరినట్టే ఇక్కడా ఊరుతుంది. బంకమట్టి పొర మాత్రం నీటిని దాదాపు వదలదు. కాబట్టి ఒక ఇసుకరాయి పొరకు పైనా కిందా బంకమట్టి ఉంటే మధ్యలో నీళ్లు మూత బిగించిన గిన్నెలో ఉన్నట్టే. ఒత్తిడి మీద ఉంటాయి. అక్కడిదాకా బోరు దింపితే నీరు తనంతట తానే పైకి లేస్తుంది. మణుగూరు మండలం పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు మోటారు లేకుండానే ఉబికి వస్తున్న సంగతి చాలామంది చూసే ఉంటారు. ఆ వేడినీటితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగంగా నెలకొల్పారు కూడా. భూమి కింద నీరంతా ఒకే మడుగు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పైన మన చేదబావి నీళ్లు వేరు, కింద బిగిసి ఉన్న పొరల నీళ్లు వేరు. వాటి మధ్య మూత గట్టిగా ఉన్నంతవరకే ఆ తేడా.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఈ పొరలు చాప పరిచినట్టు సమంగా లేవు, వాలి ఉన్నాయి. రామగుండం వైపు అవి ఈశాన్యం దిక్కుకు వాలుతాయి. ఉదాహరణకు వాలు 8 మీటర్లకు 1 మీటరు అనుకుందాం. ఒక ఊరి దగ్గర నేల మీద కనిపించే ఇసుకరాయి 800 మీటర్లు పోయేసరికి 100 మీటర్ల లోతుకు దిగిపోతుంది. అంటే ఇక్కడ వాన నీరు తాగిన పొర, అక్కడ బొగ్గు గనిలో గోడగా బయటపడవచ్చు. రెండోది, ఫాల్టులు. భూమి కదిలి పొరలు తెగి, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి జరిగిన చోట్లు ఇవి. గనిలో పనిచేసిన వాళ్లందరికీ ఈ మాట తెలుసు. కొన్ని ఫాల్టుల్లో బంకమట్టి నిండి నీటికి అడ్డుకట్ట అవుతాయి. కొన్ని పగిలి కాలువలా నీటిని మోసుకుపోతాయి.

ఈ రెండూ తెలిస్తే ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఒక చిక్కుముడి విడిపోతుంది. గనికి దగ్గర్లో ఉన్న ఒకరి బావి నిండుగానే ఉండొచ్చు. అంతకన్నా దూరంలో ఉన్న మరొకరి బావి ఎండిపోవచ్చు. "ఆయన బావికి లేని నష్టం నీకెలా వచ్చింది?" అని అడిగితే రెండో రైతు నోరు మూతపడుతుంది. కానీ మొదటి రైతు బావి ఫాల్టుకు అవతల ఉందేమో, రెండో రైతు బావి గని కోసిన పొర మీదే ఉందేమో, ఎవరైనా చూశారా? కాగితం మీద గని చుట్టూ వృత్తం గీసి, ఇంత దూరం లోపల ప్రభావం, ఇంత దాటితే ప్రభావం లేదని చెప్పడం సులువే. నీళ్లు మాత్రం ఆ గీత చూసి నడవవు. పొరను చూసి నడుస్తాయి.

ఇక గని ఏం చేస్తుందో చూద్దాం. ఓపెన్‌కాస్టు అంటే పైనున్న పొరలన్నిటినీ కోసి తీసేయడం. గుంత అడుగు చుట్టుపక్కల అన్ని బావుల కన్నా లోతున ఉంటుంది. కోసిన ప్రతి ఇసుకరాయి పొర నుంచీ నీరు ఆ గుంతలోకి కారుతుంది. పని సాగాలంటే దాన్ని రాత్రింబవళ్లు తోడి బయట పోయాలి. ఒక ఊరి మధ్యన అందరి బావుల కన్నా పది రెట్లు లోతైన బావి తవ్వి, ఏళ్ల తరబడి ఆపకుండా తోడితే ఏమవుతుంది? చుట్టూ నీటి మట్టం గరాటు ఆకారంలో వాలుతుంది. ఇసుకరాయి ఎంత ముతకదైతే ఆ గరాటు అంత దూరం విస్తరిస్తుంది. బంకమట్టి ఉన్న వైపు ఆగుతుంది. కాబట్టి అది గుండ్రంగా ఉండదు. ఒక దిక్కున పొడుగ్గా, ఒక దిక్కున పొట్టిగా ఉంటుంది.

భూగర్భ గనిది మరో తీరు. బొగ్గు తీసిన చోట స్తంభాలు వదిలితే పైకప్పు నిలుస్తుంది. ఆ స్తంభాలనూ తీసేసినా, లాంగ్‌వాల్ పద్ధతిలో మొత్తం పలకను కోసినా, పైకప్పు కూలుతుంది. కూలిన చోటు పైన రాయి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు పైకి పాకి బంకమట్టి మూతను చీలిస్తే, అప్పటిదాకా వేరువేరుగా ఉన్న నీటి పొరలు కలిసిపోతాయి. పై నీరు కిందికి జారుతుంది. బొగ్గు తీసిన ఖాళీలో ఇసుక నింపితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఏ పద్ధతిలో తీస్తున్నారు, ఖాళీ నింపుతున్నారా లేదా అన్నది గని లోపలి సంగతి కాదు, పైన దున్నుకునే రైతు సంగతి. పాత అన్వేషణ బోర్లను సిమెంటుతో సరిగ్గా మూయకపోయినా ఇదే జరుగుతుంది. అవి పై పొరకూ కింది పొరకూ మధ్య గొట్టాల్లా మిగిలిపోతాయి.

బావి ఎండితే ప్రతిసారీ గనిదే తప్పని మేము అనడం లేదు. ఈ ముప్పై, నలభై ఏళ్లలో మన బోర్లు ఎన్ని రెట్లు పెరిగాయో మనకు తెలుసు. వానలు తప్పిన ఏళ్లున్నాయి. గనికీ చేదబావికీ మధ్య దళసరి బంకమట్టి చెక్కుచెదరకుండా ఉంటే, గని ఎంత తోడినా ఆ బావి నీరు తగ్గకపోవచ్చు. గనుల నుంచి తోడిన నీటిని చెరువుల్లోకి, పొలాల్లోకి వదిలి రైతులకు మేలు చేసిన చోట్లూ ఉన్నాయి. మన వాదన ఏమిటంటే, కారణం ఏదో తేల్చడానికి ఒక దారి ఉంది. ఆ దారిలో నడవకుండా వానల మీదకు నెట్టేయడం అన్యాయం.

భూమి కింది నీటిని కచ్చితంగా లెక్కగట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే, గని భద్రతా నియమాలు చూడమని చెప్పాలి. నీరు నిలిచి ఉన్న పాత గనికి 60 మీటర్ల లోపలికి అనుమతి లేకుండా కొత్త పని జరపకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి ఫాల్టూ, ప్రతి బోరూ గని పటంలో చూపించాలి. నీటి ప్రమాదాన్ని చూపే పటం ఉంచాలి. ఈ నియమాలు ఊరికే రాలేదు, కార్మికుల ప్రాణాలు పోయాక వచ్చాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ నీరు ఎక్కడుంది, ఎంతుంది, మధ్యలో ఎంత రాయి ఉంది అన్న లెక్క తప్పితే ఏమవుతుందో ఆ కుటుంబాలకు తెలుసు. గనిలోకి వచ్చే నీటికి మీటర్లలో లెక్క కట్టగలిగినప్పుడు, బావిలోంచి పోయే నీటికి లెక్క కట్టలేమనడం కుదరదు.

చట్టం మన వైపు అసలేమీ లేదా? ఉంది, చాలామందికి తెలియదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనులకు కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే అనుమతి పత్రాల్లో సాధారణంగా ఒక షరతు కనిపిస్తుంది. చుట్టుపక్కల ఉన్న బావులతోపాటు కొత్తగా పీజోమీటర్లు, అంటే నీటి మట్టం కొలిచే బోర్లు వేసి, ఏడాదికి నాలుగుసార్లు కొలవాలి. మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో. నీటి మట్టం తగ్గుతున్నట్టు తేలితే నీరు ఇంకించే పనులు చేపట్టాలి. గని నీటిని తోడటం వల్ల ఊరి బావులు ఎండితే ఆ ఊరి నీటి అవసరాన్ని యాజమాన్యమే తీర్చాలి. మీ ఊరి పక్క గని అనుమతి పత్రంలో ఈ షరతు ఏ నంబరు కింద, ఏ మాటల్లో ఉందో ప్రతి గ్రామ కమిటీ తెలుసుకోవాలి.

ఇంకొకటి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ఈ షరతులు ఎలా అమలవుతున్నాయో యాజమాన్యం ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అవి ప్రజా పత్రాలు. అడిగిన ఎవరికైనా నకలు ఇవ్వాలి. కొత్త గనికి గానీ, విస్తరణకు గానీ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటే కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయంలో చూసుకోవచ్చు, సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఆ రోజు టెంటు కింద మైకు దొరికేదాకా ఆగి, ఉద్యోగాలూ పరిహారమూ మాత్రమే అడిగి వస్తున్నాం. ఈ 30 రోజుల్లో నీటి అధ్యాయం చదివి, పొరల పటం అడిగి, మన బావుల కొలతలు చేతిలో పెట్టుకొని వెళ్లిన ఊరి మాట వేరుగా ఉంటుంది. అక్కడ చెప్పిన ప్రతి మాటా రికార్డుకు ఎక్కుతుంది.

ఇక్కడ ఒక పక్షపాతం కూడా చెప్పుకోవాలి. రైతు తన పొలంలో బోరు వేయాలంటే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. పక్క బావికి ఎంత దూరముందో చూపాలి. పొరుగు రైతు నీటికి నష్టం రాకూడదన్న మంచి సూత్రం దాని వెనక ఉంది. ఆ సూత్రం అందరికీ ఒకటే కావాలి కదా! భూమి పోయిన రైతుకు పరిహారం వస్తుంది. గని సరిహద్దు రాయికి అవతల భూమి మిగిలి నీళ్లు పోయిన రైతు ఏ జాబితాలోనూ ఉండడు. అతని భూమి పాస్‌బుక్కులో రెండు పంటల భూమి, నిజానికి పత్తి చేను. కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. కౌలు ముందే కట్టి, నీళ్లు ఆగిపోయి, పంట ఎండితే అతను ఎవరినీ అడగలేడు. ఎండిన బావి పక్కనే అప్పు చేసి మళ్లీ బోరు వేస్తాం. ఇసుకరాయిలో గోడ కూలకుండా కేసింగు పైపు ఎక్కువ దింపాలి కాబట్టి గట్టి రాయి ప్రాంతం కన్నా ఆ ఖర్చు భారీగా ఉంటుంది.

ఈ స్థితి మారాలంటే మొదటి పని మనదే. ప్రతి ఊళ్లో ఐదు నుంచి పది బావులు ఎంచుకుందాం. గనికి దగ్గర కొన్ని, దూరం కొన్ని, వేరువేరు దిక్కుల్లో ఉండాలి. గని ప్రభావం లేదని అందరూ ఒప్పుకునేంత దూరంలో ఒకటి రెండు బావులు సాక్షి బావులుగా పెట్టుకోవాలి. వీలైతే చేదబావులు, వాడకంలో లేని బోర్లు మంచివి. మోటారు బిగించి ఉన్న బోరులో టేపు దింపడం కష్టం. బావి ఒర మీద రంగుతో ఒక గుర్తు పెట్టాలి. ఎప్పుడూ ఆ గుర్తు నుంచే కొలవాలి. ముందు రోజు సాయంత్రం మోటార్లు ఆపి, తెల్లవారి మళ్లీ వేసేలోపు కొలవాలి. అడుగున బరువు కట్టిన కొలత టేపు చాలు. గని కొలిచే నెలల్లోనే, అంటే మే, ఆగస్టు, నవంబరు, జనవరిల్లోనే మనమూ కొలిస్తే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నోటుబుక్కులో సర్వే నంబరు, బావి లోతు, కొలిచిన తేదీ, మట్టం, ఆ నెల మండల వర్షపాతం రాయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా రాయాలి. బావి తవ్విన పెద్దలు ఇంకా ఉంటే ఎన్ని గజాల దగ్గర ఏ రాయి తగిలిందో అడగండి. బోరు బండి వచ్చినప్పుడు బయట పడే పొడి ఎన్ని అడుగుల దగ్గర ఎర్రగా ఉంది, ఎక్కడ తెల్లబడింది, ఎక్కడ జిగురు మట్టి వచ్చింది చూసి రాయండి. ఒక ఊళ్లో ఇరవై బోర్ల పొడి రంగులు రాసుకుంటే మన సొంత పొరల పటం తయారైనట్టే. ప్రతి కొలతనూ గ్రామసభలో చదివి రికార్డు చేయించాలి. కొలిచేటప్పుడు పంచాయతీ కార్యదర్శి, గని ప్రతినిధి ఉంటే మరీ మంచిది. వాళ్లు సంతకం పెట్టిన లెక్కను తర్వాత కాదనలేరు.

ఈ లెక్క ఎలా చదవాలి? మే నెలలో ఎక్కడైనా నీళ్లు దిగుతాయి. అసలు చూడాల్సింది నవంబరు. వానలు తగ్గడమే కారణమైతే సాక్షి బావీ దిగుతుంది, మన బావీ దిగుతుంది. మంచి వాన పడ్డ ఏడు రెండూ లేస్తాయి. ఉదాహరణకు, వర్షపాతం దాదాపు సమానంగా ఉన్న రెండేళ్లు తీసుకుందాం. సాక్షి బావిలో రెండు నవంబర్లలోనూ నీరు 4 మీటర్ల లోతున ఉంది. గని పక్క బావిలో మొదటి ఏడు 4 మీటర్లు, తర్వాతి ఏడు 7 మీటర్లు. ఆ ఊళ్లో కొత్త బోర్లేమీ పడలేదు. అప్పుడు వానను నిందించడానికి వీల్లేదు. ఆ బావి ఏ పొర మీద ఉందో, గని ఆ పొరను ఎప్పుడు కోసిందో పక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. ఒక్క ఏడాది కొలత ఏమీ తేల్చదు. రెండు మూడేళ్ల కొలతను ఎవరూ తోసిపుచ్చలేరు. గని రాకముందే మొదలుపెట్టిన కొలత అయితే దానికి తిరుగే లేదు. కాబట్టి కొత్త గని మాట వినిపించిన ఊళ్లు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

గని మూతపడితే పీడ పోతుందనుకోవడమూ పొరపాటే. పంపులు ఆగాక నీరు ఏళ్ల తరబడి మెల్లగా పైకి లేస్తుంది. కానీ అది పాత దారుల్లో నడవదు. గుంతలో తిరిగి నింపిన మట్టి, రాళ్లు పాత ఇసుకరాయిలా వరుసగా ఉండవు. వాటిగుండా వచ్చిన నీటిలో లవణాలు, కాఠిన్యం, ఇనుము పెరిగే వీలుంది. నింపకుండా వదిలిన గుంత చెరువులా కనిపిస్తుంది, ఎండకు ఆవిరవుతూ చుట్టూ ఉన్న నీటిని లాగుతూనే ఉంటుంది. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక, దానికోసం ప్రత్యేక ఖాతాలో డబ్బు జమ చేయడం తప్పనిసరి. ఆ ప్రణాళికలో మన నీటి గురించి ఏం రాశారో గని నడుస్తున్నప్పుడే అడగాలి. మూసేశాక అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఈ పోరాటం గని కార్మికుల మీద కాదు. వాళ్లు మన ఇంటి బిడ్డలే. అన్న గనిలో, తమ్ముడు పొలంలో ఉన్న ఇళ్లు ఈ లోయలో వందలు. గనిలో నీరు ఎక్కడ కారుతోందో, ఏ ఫాల్టు దగ్గర జోరు ఎక్కువైందో ముందు చూసేది కార్మికుడే. ఆ నీరు ఎవరి బావిలోంచి వచ్చిందో తెలిసేది రైతుకు. కార్మిక సంఘాలూ రైతు సంఘమూ కలిసి కూర్చుంటే కింది లెక్క, పై లెక్క కలుస్తాయి. గని లోపలి భద్రతకూ ఊరి నీటికీ కావాల్సిన పటం ఒకటే.

ప్రభుత్వం ముందు, గని యాజమాన్యాల ముందు మనం పెడుతున్న కోర్కెలు ఇవి.

ఒకటి, ప్రతి నీటి పొరకూ విడివిడిగా పీజోమీటర్లు వేయాలి. స్థలాలు గ్రామసభతో కలిసి ఎంచాలి. కొలతలు గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి.

రెండు, గనిలో రోజూ ఎంత నీరు తోడుతున్నారో, దాన్ని ఎక్కడికి వదులుతున్నారో నెలనెలా ప్రకటించాలి. పరీక్ష చేసి సాగుకు పనికొస్తుందని తేలిన నీటిని మొదట బావులు ఎండిన ఊళ్ల చెరువులకే ఇవ్వాలి.

మూడు, ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పొరల పటం, ఫాల్టుల పటం తెలుగు వివరణతో ఊళ్లో ప్రదర్శించాలి.

నాలుగు, గని ప్రభావ ప్రాంతంలో బావి ఎండితే గని కారణం కాదని నిరూపించే బాధ్యత యాజమాన్యం మీద ఉండాలి. లెక్కలన్నీ ఎవరి దగ్గరుంటే రుజువు చూపే భారమూ వాళ్లదే కావాలి.

ఐదు, సరిహద్దు బయట నీటిని కోల్పోయిన రైతులకు, కౌలు రైతులతో సహా, పరిహారం ఇవ్వాలి. జిల్లా ఖనిజ నిధి ఖర్చుకు 2015లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు భూగర్భ జలాలు తగ్గిన ప్రాంతాన్ని పరోక్ష ప్రభావిత ప్రాంతంగా గుర్తిస్తున్నాయి. ఆ నిధిలో మన వాటా దయాధర్మం కాదు, హక్కు.

ఆరు, పాత అన్వేషణ బోర్లన్నిటినీ గుర్తించి సిమెంటుతో మూయాలి. గని మూతపడ్డాక కూడా నీటి మట్టం, నాణ్యత కొలవడం కొనసాగించాలి.

వీటిలో కొన్ని ఇప్పటికే కాగితం మీద ఉన్న హక్కులు, అమలు చేయించుకోవాలి. కొన్ని ఇంకా లేవు, పోరాడి తెచ్చుకోవాలి. రెండింటికీ ఆధారం మన దగ్గరుండే నోటుబుక్కే. గని ప్రాంతంలోని ప్రతి గ్రామ కమిటీ తన బావుల జాబితాను సిద్ధం చేసి జిల్లా కమిటీకి పంపాలి. మేలో మొదటి కొలత తీయాలి. టేపు కొనడానికి, గుర్తు పెట్టడానికి రంగు డబ్బా తేవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఏడాదికి నాలుగు తెల్లవారుజాములు కేటాయిస్తే చాలు. వచ్చేసారి అధికారి నివేదిక తీసి బల్ల మీద పెట్టినప్పుడు, దాని పక్కన మన ఊరి నోటుబుక్కు కూడా పెట్టి మాట్లాడదాం.